మా అమ్మాయి డాక్టరేటు సీటు

మన సంఘంలో ఉగాదికో, సంక్రాంతికో నలుగురం కలిసినప్పుడు పిల్లల చదువుల ప్రసక్తి రాకుండా వుండదు. ఇంజనీరింగు, వైద్యం, బ్యాంకు పరీక్షలు — వీటిని గురించి అడిగితే మనలో ప్రతివారూ ఒక ఉపన్యాసం ఇవ్వగలరు. కాని ఒక పిల్ల మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు చేస్తానని, అదీ అమెరికాలో చేస్తానని అంటే, ఏ తలుపు తట్టాలో, ఎవరిని అడగాలో చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు. రెండు సంవత్సరాలు ఇంటిల్లిపాదీ చీకట్లో తడుముకున్నాము. కొన్ని పొరపాట్లు చేశాము, కొంత నేర్చుకున్నాము. ఆ పొరపాట్లలో పెద్దది నాదే. దాచకుండా చెబితే మరొక తండ్రికి పనికివస్తుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా తాతగారు హిందూపురం ప్రాంతం నుంచి బెంగుళూరు వచ్చి ఒక బట్టల కొట్టులో లెక్కలు రాశారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం — అలా మూడు తరాలు గడిచాయి. నేను మెట్రిక్యులేషను ప్యాసైన యేడే మా నాన్నగారు కాలం చేశారు. కాలేజీలో చేరాలని ఎంతో వుండేది. చేరవలసిన నెలలో ఉద్యోగంలో చేరాను. నాటి నుంచి నేటి వరకు గుమాస్తాగిరీయే. ఇది నా గొడవే అయినా, తరువాత చెప్పబోయే దానికి దీనితో సంబంధం వున్నది కనుక చెప్పాను.

ఏమిటీ చదువు?

మా అమ్మాయి బి.ఎ.లో మనస్తత్వ శాస్త్రం తీసుకున్నప్పుడు, "పిచ్చి డాక్టరు అవుతుందా?" అని అడిగినవారు తక్కువ కాదు. మొదట నాకూ ఆ తేడా తెలియదు. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివి, ఆపైన మానసిక వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు వేరు. మనసు పనిచేసే తీరును శాస్త్రంగా చదివి, పరీక్షల ద్వారా బాధను గుర్తించి, మాటతోను, అభ్యాసాలతోను చికిత్స చేసే మనిషి. మందులు రాయడం సాధారణంగా ఆ పనిలో భాగం కాదు.

ఈ శాస్త్రం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. మైసూరు మహారాజా కాలేజీలో 1924లోనే యం.వి. గోపాలస్వామిగారు మనస్తత్వ శాస్త్ర శాఖను నెలకొల్పారు. 1935లో మైసూరులో "ఆకాశవాణి" పేరుతో రేడియో కేంద్రం నడిపింది కూడా ఆయనే. మన బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసింది. 1974లో అది పాత మానసిక చికిత్సాలయంతో కలిసి నిమ్హాన్స్ అయింది. మనం రోజూ బస్సులో ఆ గోడ పక్కగా వెళ్తూనే వుంటాము. లోపల ఏం చదువు జరుగుతుందో ఆలోచించము.

మా అమ్మాయి ఎం.ఎస్సి. ముగించి, ఒక పరిశోధనా పథకంలో సహాయకురాలిగా చేరింది. బతుకుతెరువు కోసం వూరు విడిచి వచ్చిన కుటుంబాలలోని పిల్లల దిగులును గురించి ఆ పని. మూడు తరాల క్రితం వూరు విడిచి వచ్చిన ఇంటి పిల్ల గదా, ఆ విషయం దాని మనసుకు పట్టుకున్నది. చికిత్స, పరిశోధన రెండూ ఒకే చదువులో నేర్చుకోవాలని కోరిక. అమెరికాలో క్లినికల్ సైకాలజీ పిహెచ్.డి. అటువంటిదే. 1949లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డరు పట్టణంలో పెద్దలు సమావేశమై, ఈ వృత్తిలోకి వచ్చేవాడు శాస్త్రజ్ఞుడుగాను, చికిత్సకుడుగాను రెండు విధాలా తయారు కావాలని తీర్మానించారు. తరువాత, చికిత్సకే ప్రాధాన్యమిచ్చే మరొక డాక్టరేటు వచ్చింది; దాన్ని సై.డి. అంటారు. 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం దాన్ని మొదలుపెట్టింది. 1973లో వేల్ అనే చోట జరిగిన సమావేశం ఆ పద్ధతిని బలపరచింది. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి. మా ఇంట్లో గొడవ అంతా అక్కడే వచ్చింది.

సీట్లు ఎందుకింత తక్కువ?

పేరున్న పిహెచ్.డి. కోర్సుకు వందల కొద్దీ దరఖాస్తులు వస్తాయి. తీసుకునేది చాలా చోట్ల అయిదు మొదలు పదిమందిని. ఇంత పిసినారితనమేమిటని నేను ఆశ్చర్యపోయాను. కారణం వున్నది. ఇది వందమందిని ఒక హాలులో కూర్చోబెట్టి పాఠం చెప్పే చదువు కాదు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఆచార్యుని కింద అయిదు నుంచి ఏడు సంవత్సరాలు పని నేర్చుకోవాలి. రోగితో మాట్లాడిన ప్రతి గంటకూ పైన ఒకరు కనిపెట్టి వుండి దిద్దాలి. పైగా చాలా పిహెచ్.డి. కోర్సులలో ఫీజు విశ్వవిద్యాలయమే భరించి, బతకడానికి స్టైపెండు కూడా ఇస్తుంది. అటువంటప్పుడు చేటలతో కొలిచి సీట్లు పొయ్యలేరు గదా!

కనుక అక్కడ మార్కులు గేటు దాటించడానికి మాత్రమే. లోపలికి పిలిచేది ఆచార్యుడు. "నేను చేస్తున్న పనికి ఈ పిల్ల చేయి కలుస్తుందా?" అన్నదే ఆయన చూసేది. ఆ యేడు ఆయన కొత్త విద్యార్థిని తీసుకోకపోతే, బంగారు పతకం వున్నా ప్రయోజనం లేదు. పూర్వం సంగీతం నేర్చుకునేవారు గురువుగారి ఇంట్లో చోటుందా అని ముందు కనుక్కునేవారు. ఇదీ అటువంటిదే.

మొదటి యేడు

ఈ సంగతి తెలియక 2022 డిసెంబరులో మా అమ్మాయి పన్నెండు చోట్లకు దరఖాస్తులు పంపింది. ఒక్కొక్క దానికి యాభై మొదలు నూరు డాలర్ల వరకు రుసుము. అది కాక ఇంగ్లీషు పరీక్ష, మార్కుల పత్రాలు పంపే ఖర్చు. మా ఇంటావిడ చీటీ పాడిన డబ్బు అటు వెళ్లింది. ఎంపిక నేనూ అమ్మాయీ కలిసి చేశాము. ఎలా చేశాము? పేరు విన్న విశ్వవిద్యాలయాలన్నీ వరుసగా రాసుకున్నాము! వాటిలో మూడు చోట్ల, అమ్మాయి కోరిన ఆచార్యులు ఆ యేడు ఎవరినీ తీసుకోవడం లేదని తరువాత తెలిసింది. ఆ మాట వారి వారి పుటలలో ముందే రాసి వున్నది, మేమే చూడలేదు. మూడు సిఫారసు లేఖలలో ఒకటి, అమ్మాయిని రోల్ నంబరుగా తప్ప ఎరుగని అధ్యాపకులది. తన్ను గురించి రాసుకున్న వ్యాసంలో సగం చిన్ననాటి జ్ఞాపకాలు; చేసిన పరిశోధన చివర నాలుగు వాక్యాలు.

జనవరి వచ్చింది, ఫిబ్రవరి వచ్చింది. ఇంటర్వ్యూ పిలుపు ఒక్కటీ రాలేదు.

అక్కడి పగలు మనకు రాత్రి. వాళ్లు ఆఫీసు తెరిచే వేళకు మనం అన్నాలు తింటూ వుంటాము. అందుచేత పిల్ల రాత్రి రెండింటి వరకు ఫోను పట్టుకుని కూర్చునేది. తోటివారికి పిలుపులు వచ్చినట్టు వార్త తెలిస్తే ఆ రోజు అన్నం సహించేది కాదు. "నాన్నా, నేను దీనికి పనికిరానేమో" అన్నది ఒకరోజు. ఇతరుల దిగులు తీర్చే చదువు కోసం పోయి తానే దిగులు పడుతున్నదే అని నాకు భయం వేసింది.

అప్పుడు ఇంట్లో ఆడవాళ్లు చేసిన పని చెప్పుకోవాలి. మా ఇంటావిడ ఒక నియమం పెట్టింది: రాత్రి పదింటికి ఫోను బీరువా మీదికి పోవాలి. "పిలుపు వచ్చేదైతే తెల్లవారాక కూడా అక్కడే వుంటుంది" అన్నది. మా అమ్మ ఒక మాట అన్నది: "మీ ముత్తాత వుండిన కొట్టులో రోజుకు నూరు చీరలు విప్పి చూపి మడత పెట్టేవాళ్లే తల్లీ. తీసుకున్నది ఒకటి. తక్కిన తొంభైతొమ్మిదీ చెడ్డ చీరలా?" పిల్ల నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

మా అమ్మ బడి ముఖం చూడలేదు. కాని ఆ మాటలోనే విషయమంతా వున్నది. అయిదు సీట్లకు వందలమంది వచ్చినచోట, రాలేదంటే తగడని కాదు. ఆ యేడు ఆ చోటికి వేరొకరి చేయి కలిసింది, అంతే. పిల్లలు దీన్ని నమ్మరు. పెద్దవాళ్లం మనం నమ్మి, మన ముఖంలో ఆ నమ్మకం కనబడేటట్టు వుండాలి. బంధువులెవరైనా "ఏమైంది?" అని అడిగితే, "ఇంకా చూస్తున్నాము" అని నేనే జవాబు చెప్పి, పిల్లను ఆ ప్రశ్నకు అడ్డంగా నిలబెట్టకుండా చూశాను. ఆ ఒక్క పని మాత్రం నేను సరిగా చేశాననుకుంటాను.

రెండవ యేడు

ఆ యేడు ఆగి, ఉద్యోగం చేసుకుంటూనే మళ్లీ సిద్ధపడింది. ఒక నోటుబుక్కు తీసుకున్నది. విశ్వవిద్యాలయాల పేర్లు కాదు, ఆచార్యుల పేర్లు రాసుకున్నది. వారి పరిశోధనా పత్రాలు చదివింది. సెప్టెంబరులో ఒక్కొక్కరికి అయిదారు పంక్తుల ఉత్తరం: నేను ఫలానా, ఈ పని చేశాను, వచ్చే యేడు మీరు విద్యార్థిని తీసుకుంటున్నారా? కొందరు జవాబు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనందుకు బాధపడలేదు. ఒక సదస్సులో తన పనిని పటంగా ప్రదర్శించింది. లేఖలు తన పనిని కళ్లారా చూసిన వారి చేత మాత్రమే రాయించింది. వ్యాసంలో చిన్ననాటి కథ రెండు వాక్యాలకు కుదించి, తక్కినదంతా తాను అడగదలచిన ప్రశ్నలను గురించి రాసింది.

2023 డిసెంబరులో తొమ్మిది చోట్లకు పంపింది. జనవరి, ఫిబ్రవరులలో మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. కంప్యూటరు ముందు కూర్చుని రాత్రిపూటనే మాట్లాడింది. అది పరీక్ష వంటిది కాదట. "నువ్వు మమ్మల్ని ఏమి అడుగుతావు?" అని వాళ్లే అడుగుతారు. అక్కడ చదువుతున్న విద్యార్థులతో, ఆచార్యులు లేకుండా, విడిగా మాట్లాడనిస్తారు. మా అమ్మాయి వాళ్లను సూటిగా అడిగింది: స్టైపెండుతో నెల గడుస్తుందా? ఆచార్యులు రాసి ఇచ్చిన కాగితాన్ని ఎన్నాళ్లకు చదువుతారు? జబ్బు పడితే ఏమంటారు? ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒకచోట విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. అది కూడా జవాబేనని తాను నోటుబుక్కులో రాసుకున్నది.

ఫిబ్రవరి ఆఖరుకు ఫలితాలు తెలిశాయి. ఒకచోట లేదన్నారు. రెండవది ఒక మహానగరంలోని పేరున్న సంస్థ, సై.డి. కోర్సు, సీటు ఇచ్చామన్నారు. మూడవది ఒక చిన్న పట్టణంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయం, పిహెచ్.డి.; నిరీక్షణ జాబితాలో వుంచామన్నారు.

నా పొరపాటు

ఆ రెండవ వార్త వచ్చిన పూట నేను ఆఫీసులో మైసూరు పాకు పంచాను. మన సంఘంలో కనిపించిన వారందరికీ చెప్పాను. మహానగరం పేరు చెబితే వినేవాళ్ల కళ్లు పెద్దవి కావడం నాకు ఎంతో బాగుండేది.

తరువాత లెక్క వేశాము. స్టైపెండు లేదు, ఫీజు మాఫీ లేదు. ఫీజు, తిండి, అద్దె, బీమా అన్నీ కలిపి కోర్సు ముగిసేసరికి రెండు కోట్ల రూపాయలు దాటుతున్నది. మా ఇల్లు అమ్మినా అందులో సగం రాదు. నేను ఏమన్నానో వినండి: "ఇల్లు తాకట్టు పెడదాం. మొదటి యేడు గడిస్తే తరువాత దేవుడే చూస్తాడు." ముప్ఫై యేళ్లుగా ఇతరుల లెక్కలు తప్పు లేకుండా రాస్తున్న మనిషి అన్న మాట ఇది!

అమ్మాయి ఒప్పుకోలేదు. "ఆ సీటు వద్దు నాన్నా. రెండోది రాకపోతే ఇక్కడే ఇంకో దారి చూసుకుంటాను" అన్నది. నాకు కోపం వచ్చింది. చేతికి వచ్చినదాన్ని కాలదన్నుతున్నావన్నాను. ఇంట్లో మూడు రోజులు మాటలు లేవు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ మా ఇంటావిడ మెల్లగా అన్నది: "ఏమండీ, మీరు కాలేజీకి పోలేదన్న కొరత ఆ పిల్ల నెత్తిన అప్పుగా పెడతారా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు. నిజం అదే. ఆ మహానగరం పేరు కావలసింది నాకు. చదవవలసింది, అప్పు తీర్చవలసింది అది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. సై.డి. తక్కువ చదువు కాదు. పరిశోధన మీద మక్కువ లేక, చికిత్సే తన పని అనుకునేవారికి అది తగిన దారి. స్టైపెండు ఇచ్చే సై.డి. కోర్సులు కూడా కొన్ని వున్నాయి. కాని మా పిల్ల కోరింది అది కాదు. మా స్తోమత కూడా అది కాదు.

ఏప్రిల్ పదిహేను

అక్కడ ఒక మంచి ఆచారం వున్నది. విశ్వవిద్యాలయాల ఉన్నత విద్యా విభాగాలు చాలావరకు ఒక తీర్మానానికి కట్టుబడి వుంటాయి. ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15కు ముందు జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదు. ఈలోగా అతడు అన్నీ పోల్చి చూసుకోవచ్చు. మాకు సీటు ఇచ్చిన సంస్థ కూడా అదే గడువు పెట్టింది. మార్చి అంతా ఎదురుచూపుతోనే గడిచింది. మార్చి నెలాఖరున అమ్మాయి నిరీక్షణ జాబితా వారికి మర్యాదగా ఒక ఉత్తరం రాసింది: "మీ కోర్సు మీద నాకు ఇప్పటికీ అంతే ఆసక్తి వున్నది. నా స్థానం ఎక్కడున్నదో చెప్పగలరా?" రెండవ స్థానంలో వున్నావని జవాబు వచ్చింది. ఇలా ఒకసారి అడగడం తప్పు కాదు. రోజూ అడగడం తప్పు.

2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పచ్చడి తిన్నాము గాని ఎవరికీ పండుగ కళ లేదు. పండుగ వెళ్లిన రెండో రోజు రాత్రి ఎనిమిది గంటలకు ఆ చిన్న పట్టణం నుంచి ఆచార్యులే స్వయంగా ఫోను చేశారు. సీటు ఖాళీ అయింది, వస్తావా అని. గడువుకు నాలుగు రోజులున్నది.

కాగితం మీద లెక్క

నిజం చెబుతున్నాను, ఆ రాత్రి కూడా నా మనసు మహానగరం వైపే లాగింది. "ఆ వూరి పేరు ఎవరూ విననైనా వినలేదే" అన్నాను. అమ్మాయి పోట్లాడలేదు. ఆఫీసులో నేను వాడే ఫుల్‌స్కేపు కాగితం ఒకటి తెచ్చి, మధ్య గీత గీసి, "నాన్నా, మీరే రాయండి, నేను చెబుతాను" అన్నది. ఆ కాగితం ఇంకా నా దగ్గర వున్నది. అందులోని ప్రశ్నలు ఇవి. ఏ పిల్లకైనా పనికివస్తాయి.

మొదటిది డబ్బు. ఫీజు పూర్తిగా మాఫీయా, కొంతేనా? స్టైపెండు ఎన్ని సంవత్సరాలకు హామీ? తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? చిన్న పట్టణం వారు ఫీజు మాఫీ చేసి, తొమ్మిది నెలలకు ఇరవై రెండు వేల డాలర్లు ఇస్తామన్నారు. వేసవికి హామీ లేదు. బీమాలో కొంత మనమే కట్టుకోవాలి. గొప్పగా ఏమీ లేదు. అప్పు మాత్రం లేదు. విద్యార్థి వీసా మీద వెళ్లినవారు చదువు రోజులలో విశ్వవిద్యాలయం ఆవరణలోనే, వారానికి ఇరవై గంటలకు మించకుండా పనిచేయాలి. కనుక "అక్కడ ఏదో పని చేసి కట్టేస్తుంది" అన్న నా ఆలోచన చెల్లదు.

రెండవది గురువు. ఆయన పని మన పిల్ల పనికి దగ్గరా? ఆయన విద్యార్థులు ముగించి బయటికి వచ్చారా? ఆయన త్వరలో వేరే చోటికి వెళ్లేటట్టు వుంటే, మరొకరు ఆదుకోగలరా? చిన్న పట్టణపు ఆచార్యుల పని వలస కుటుంబాల పిల్లల మీదనే.

మూడవది, ముగించినవారి లెక్క. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు వున్న ప్రతి డాక్టరేటు కోర్సూ కొన్ని లెక్కలు బహిరంగంగా ప్రకటించి తీరాలి: విద్యార్థులు ఎన్ని సంవత్సరాలలో ముగించారు, ఖర్చెంత, ఎందరు మధ్యలో మానుకున్నారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎందరికి లైసెన్సు వచ్చింది. గుమాస్తాను గనుక ఈ పట్టికలు నాకు బాగా నచ్చాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. చిన్న పట్టణంవారి లెక్క ఏ విధంగానూ తీసిపోలేదు. నా మనసు అప్పుడే మెత్తబడింది.

నాలుగవది ఇంటర్న్‌షిప్. చదువు చివర ఒక యేడు ఆసుపత్రిలోనో, చికిత్సా కేంద్రంలోనో పూర్తికాలం పనిచేయాలి. దానికి మళ్లీ దరఖాస్తులు, మళ్లీ ఇంటర్వ్యూలు. విద్యార్థులు తమకు నచ్చిన చోట్లను, ఆ చోట్లవారు తమకు నచ్చిన విద్యార్థులను వరుసగా రాసి ఇస్తే, కంప్యూటరు జత కలుపుతుంది. ఫలితానికి ఇద్దరూ కట్టుబడాలి. పరదేశి విద్యార్థికి ఇక్కడొక చిక్కు వున్నది. మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రులు ఈ శిక్షణకు పెద్ద ఆధారం. వాటిలో అమెరికా పౌరులకే ప్రవేశం. కేంద్ర ప్రభుత్వపు శిక్షణా వేతనాలు కొన్ని కూడా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. కనుక "మీ దగ్గర చదివిన పరదేశి విద్యార్థులు ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేశారు?" అని ముందే అడగాలి. మా అమ్మాయి అడిగింది. చిన్న పట్టణంవారు ఫలానా ఫలానా చోట్ల అని చెప్పారు. మహానగరంవారు కనుక్కుని చెబుతామన్నారు, చెప్పలేదు.

అయిదవది తిరిగి రావడం. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. పరదేశపు పట్టా వున్నంత మాత్రాన తలుపు తెరుచుకోదు. అక్కడా పట్టా ఒక్కటీ చాలదు. ఆ పైన లైసెన్సు పరీక్ష వున్నది. వెళ్లేముందే ఈ రెండు చివరలూ తెలిసి వుండాలి.

ఆరవది బతుకు. చలి, వంటసామాను దొరకడం, బస్సు వసతి, దగ్గర మన భాషవాళ్లు. దీన్ని చిన్నచూపు చూడకండి. ఆరేళ్లంటే వయసులో వున్న పిల్లకు ఒక జీవితకాలం.

రాయడం ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. నేను కాగితం మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె, "గురువు దొరికిన చోటికి పంపక ఇంకా ఏం చూస్తావురా?" అన్నది. తీర్పు అయిపోయింది.

సీటు వదలడం

ఏప్రిల్ 13న అమ్మాయి చిన్న పట్టణానికి సమ్మతి పత్రం పంపింది. అందినట్టు వాళ్ల జవాబు వచ్చిన వెంటనే మహానగరానికి వదులుకుంటున్నట్టు రాయబోయింది. నేను మళ్లీ అడ్డుపడ్డాను. "వీసా వచ్చేవరకు అదీ చేతిలో వుండనీ. మనకు పోయేదేమున్నది?"

"మనకేమీ పోదు నాన్నా. అక్కడ నా వెనుక కాచుకున్న పిల్లకు పోతుంది. మొన్న ఎవరో ఇలాగే వదలబట్టే గదా నాకు ఫోను వచ్చింది" అన్నది.

నేను మరి మాట్లాడలేదు. ఆ ఉత్తరం మూడు వాక్యాలు: కృతజ్ఞత, వదులుకుంటున్నానన్న మాట, శుభాకాంక్షలు. కారణాలు వివరించలేదు, క్షమాపణలు కోరలేదు. ఎక్కువ చోట్ల సీటు వచ్చిన పిల్లలకు నేను చెప్పేది ఇదే: పోల్చడానికి ఒకటో రెండో చేతిలో వుంచుకోండి. మూడవది వచ్చిన రోజే, అన్నింటిలో వెనుకబడినదాన్ని వదిలేయండి. గడువు దాకా ముచ్చటకు పట్టుకుని కూర్చుంటే, అవతల ఏదో ఇంట్లో ఒక తల్లి బీరువా మీద ఫోను పెడుతూ వుంటుంది.

చివరి మాట

తరువాతి యేడు, అనగా 2025లో, అమెరికా కేంద్ర ప్రభుత్వపు పరిశోధనా నిధులకు అంతరాయం కలగడంతో కొన్ని విశ్వవిద్యాలయాలు డాక్టరేటు సీట్లు తగ్గించాయి. అందుచేత ఇక ముందు వెళ్లేవారు ఆర్థిక సహాయం సంగతి నోటిమాటగా కాక, కాగితం మీద, సంవత్సరాల లెక్కతో సహా తీసుకోవాలి. నిధులు ఆగితే ఏం చేస్తారని అడగడానికి మొహమాటపడకూడదు.

రెండోసారి కూడా రాకపోతే? రాని పిల్లలే ఎక్కువ అని మరచిపోకండి. పరిశోధనా సహాయకులుగా ఇంకొక యేడు చేయవచ్చు. మన దేశంలోని శిక్షణకు ప్రయత్నించవచ్చు. ఇక్కడి కోర్సుల పేర్లు, నియమాలు ఈ మధ్య మారుతున్నాయి గనుక పునరావాస మండలి తాజా జాబితా చూసుకుని మరీ చేరాలి. బడులలో, ఆసుపత్రులలో ఈ చదువుకు పని వున్నది. దిగులు పడుతున్న పిల్లలు మన వీధిలో కూడా వున్నారు.

మా అమ్మాయి 2024 ఆగస్టులో వెళ్లింది. ఇల్లు మా పేరుననే వున్నది. ఆదివారాలు ఫోను చేస్తుంది. చికిత్స కోసం తన దగ్గరికి వచ్చేవారిని గురించి ఒక్క ముక్క చెప్పదు, చెప్పకూడదట. ఆ పట్టణం పేరు అడిగినవారికి ఇప్పుడు నేను తడుముకోకుండా చెబుతున్నాను. వాళ్లు వినలేదంటే, ఎక్కడున్నదో కూడా చెబుతున్నాను.

మన సంఘంలో ఏ పిల్లయినా ఈ దారి పడితే, ఆ ఫుల్‌స్కేపు కాగితం చూపించడానికి నేను సిద్ధం. ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే వుంటాను.